నాదచిత్రకారుడు చుర్లియోనిస్

విష్ణుధర్మోత్తర పురాణమున ఒక చక్కని సంవాదము కలదు. వజ్రుడను రాజు మార్కండేయ మహర్షిని సమీపించి, దేవతామూర్తులను మలచు విద్యను తనకు బోధింపుమని ప్రార్థించెను. చిత్రకళ తెలియనివానికి శిల్పవిద్య పట్టువడదని మహర్షి సెలవిచ్చెను. అట్లయిన చిత్రకళనే ముందుగా బోధింపుమని రాజు వేడుకొనెను. నృత్యము తెలియనివానికి చిత్రకళ తెలియదనియు, వాద్యము తెలియనివానికి నృత్యము తెలియదనియు, వీనికన్నిటికిని మూలము గానమే యనియు మహర్షి వివరించెను. కళలన్నియు ఒకే తల్లి బిడ్డలనియు, ఒకదానిని తక్కినవానినుండి వేరుచేయరాదనియు ఈ కథకు తాత్పర్యము.

మన పూర్వ చిత్రకారులు ఈ సత్యమును చక్కగా నెరిగినవారు. రాజస్థానమునందును, దక్కను సుల్తానుల రాజ్యములందును, హిమాలయ ప్రాంతపు సంస్థానములందును వెలసిన రాగమాలా చిత్రములే యిందుకు నిదర్శనము. వారు రాగములను పురుషులుగను, రాగిణులను స్త్రీలుగను భావించి చిత్రించిరి. తోడి రాగిణి వీణ ధరించి వనమున నిలువగా, ఆమె గానమునకు లేళ్లు చుట్టును జేరియుండును. మేఘరాగ చిత్రములలో కారుమబ్బుల క్రింద శ్రీకృష్ణుడు నాట్యమాడుచుండును. చెవికి మాత్రమే అందవలసిన నాదమును కంటికి గూడ అందింపవలెనని వారు యత్నించిరి.

ఇదే ఆశయము మనకు మిక్కిలి దూరమున, ఐరోపా ఖండమున బాల్టిక్ సముద్ర తీరమునగల లిథువేనియా దేశమున, వేరొక మార్గమున ఫలించెను. దానిని సాధించిన మహనీయుడు మికలోయస్ కాన్‌స్టాంటినస్ చుర్లియోనిస్. ఆయన మొదట సంగీతకర్త, పిమ్మట చిత్రకారుడు. వాద్యములను వాయించువారిని గాని, పాటలు పాడువారిని గాని చిత్రించి ఆయన తృప్తినొందలేదు. సంగీతము ఏ విధముగా నిర్మింపబడునో, చిత్రమును గూడ అదే విధముగా నిర్మింప బూనుకొనెను. ముప్పదియైదు సంవత్సరములు మాత్రమే జీవించి, అందును ఇంచుమించు ఏడు సంవత్సరములు మాత్రమే కుంచె పట్టి, సుమారు 300 చిత్రములను లోకమునకు బ్రసాదించెను.

ఆయన జీవితము తెలియవలెనన్న ముందుగా ఆయన దేశస్థితి కొంత తెలియవలెను. లిథువేనియా ఒకప్పుడు గొప్ప రాజ్యము. తరువాత పోలెండు రాజ్యముతో గలసి చిరకాలము వర్తిల్లెను. 1795వ సంవత్సరమున ఆ దేశములో అధికభాగము రష్యా చక్రవర్తుల ఏలుబడిలోనికి బోయెను. 1863లో ప్రజలు తిరుగబడగా ప్రభుత్వము వారిని గఠినముగా అణచివేసెను. ఆ మరుసటి సంవత్సరము మొదలుకొని లిథువేనియా భాషలో లాటిన్ లిపితో పుస్తకములు అచ్చువేయుట నేరమయ్యెను. ఈ నిషేధము 1904వ సంవత్సరము వరకు, అనగా 40 సంవత్సరములు, అమలులో నుండెను.

అయినను ఆ ప్రజలు తమ భాషను విడువలేదు. పొరుగున నున్న ప్రష్యాలో పుస్తకములు అచ్చువేయించి, మూటలు గట్టి, రాత్రివేళ సరిహద్దు దాటించి, రహస్యముగా ఇల్లిల్లు జేర్చిరి. పట్టువడినవారు చెరసాలల పాలైరి. కొందరు సైబీరియాకు బంపబడిరి. చదువుకొన్న కుటుంబములు మాత్రము పోలిష్ భాషకు అలవాటుపడియుండెను. మాతృభాష పల్లెటూళ్లయందును, రైతుల నోట పలుకు జానపద గేయములయందును నిలిచియుండెను. ఇట్టి కాలమున, ఇట్టి దేశమున చుర్లియోనిస్ జన్మించెను.

1875వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లిథువేనియా దక్షిణ భాగముననున్న వరేనా అను చిన్న యూరిలో ఆయన జననమందెను. తండ్రి కాన్‌స్టాంటినస్ క్రైస్తవ దేవాలయమున ఆర్గన్ అను పెద్ద వాద్యమును వాయించువాడు. తల్లి అదేలే. తొమ్మండుగురు బిడ్డలలో మికలోయస్ జ్యేష్ఠుడు. 1878లో ఈ కుటుంబము ద్రుస్కినింకై అను పట్టణమునకు జేరెను. అది నేమునస్ నది యొడ్డున, దట్టమైన దేవదారు జాతి వృక్షముల నడుమ, ఆరోగ్యమునిచ్చు ఊటలకు బేరుగాంచిన స్థలము. అడవిలో గాలి చేయు సవ్వడియు, నదీజలముపై చెట్ల నీడలును, దేవాలయమున తండ్రి వాయించు వాద్యనాదమును ఆ బాలునికి తొలి గురువులైనవి. పెద్దవాడైన పిమ్మట ఆయన చిత్రములలో పదే పదే కనవచ్చునవి ఈ యడవియు, ఈ నీరును, ఈ నీడలే.

తండ్రి యొద్దనే బాలునకు సంగీతాభ్యాసము మొదలయ్యెను. ఏడేండ్ల వయస్సు నాటికే అతడు స్వరలిపిని జూచి తడబడక వాయింప గలిగెను. పేద కుటుంబమగుటచే పై చదువునకు దారి కనబడలేదు. కుటుంబమిత్రుడైన ఒక వైద్యుడు బాలుని ప్రతిభను గుర్తించి, ప్లుంగే నగరముననున్న ఓగిన్‌స్కీ ప్రభువునకు వానిని గూర్చి తెలియజేసెను. ఆ ప్రభువు సంగీతప్రియుడు. తన కోటయందు వాద్యబృందమును, దానికొక పాఠశాలను బోషించుచుండెను. 1889లో మికలోయస్ ఆ పాఠశాలలో జేరి, నాలుగు సంవత్సరములు వేణువును, ఇతర వాద్యములను అభ్యసించి, బృందములో వాయించుచు, చిన్న చిన్న కృతులను రచింప మొదలిడెను.

వాని పురోగతికి సంతసించిన ప్రభువు తన వ్యయముతో వానిని వార్సా నగరమునకు బంపెను. 1894 నుండి 1899 వరకు అతడు అచ్చటి సంగీత విద్యాలయమున పియానోను, సంగీతరచనను అభ్యసించి పట్టము పొందెను. అంతట లుబ్లిన్ నగరమున ఒక సంగీత పాఠశాలకు అధ్యక్షుడుగా నుండుమని పిలుపు వచ్చెను. ఇరువదినాలుగేండ్లయినను పూర్తిగా నిండని యువకునకు, వెనుక తమ్ములు చెల్లెండ్రు ఎదిగివచ్చుచున్న పేద యింటి పెద్దకొడుకునకు, అది సామాన్యమైన భాగ్యము కాదు. నెల తిరుగగనే జీతము చేతికి వచ్చెడిది. అయినను చుర్లియోనిస్ ఆ పదవిని స్వీకరింపలేదు. ఉద్యోగమున జేరినచో సృష్టికి కాలము చిక్కదని ఆయన భావించెను. ఇంటింటికి బోయి పిల్లలకు పియానో నేర్పుచు, దానివలన వచ్చు స్వల్పధనముతో గాలము గడుపుచు, మిగిలిన సమయమును రచనకు వినియోగించెను.

1900, 1901 సంవత్సరములలో ఆయన అడవిలో అను పేర ఒక గొప్ప వాద్యబృంద కావ్యమును రచించెను. పెద్ద వాద్యబృందమునకై లిథువేనియా సంగీతకర్త రచించిన తొలి స్వరకావ్యమిదియే యని చెప్పుదురు. అటుపిమ్మట ఓగిన్‌స్కీ ప్రభువు సహాయముతోనే జర్మనీలోని లైప్‌జిగ్ నగరమునకు బోయి, ప్రసిద్ధుడైన కార్ల్ రైనెకె యొద్ద రచనావిధానమును మరింత లోతుగా నేర్చుకొనెను. అచ్చట ఆయనకు మిత్రులు తక్కువ; జర్మను భాషలో పరిచయమును తక్కువ. ఒంటరితనమును మరచుటకు సంగీతసభలే శరణ్యమైనవి. 1902వ సంవత్సరమున ఓగిన్‌స్కీ ప్రభువు మరణించెను. పోషకుడు పోవుటతో ధనసహాయము ఆగిపోయెను. ఆయన చదువు ముగించుకొని మరల వార్సా చేరెను.

ఆ కాలముననే ఆయన జీవితమున గొప్ప మార్పు గలిగెను. చిన్ననాటి నుండియు చిత్రములు గీయుట యందు ఆయనకు ఆసక్తి కలదు. లైప్‌జిగ్ నుండి తిరిగివచ్చిన పిమ్మట ఆ యాసక్తి అగ్నివలె ప్రజ్వరిల్లెను. ఇరువదియేడేండ్ల వయస్సున, సంగీతమున రెండు గొప్ప విద్యాలయముల శిక్షణ ముగించిన పిమ్మట, ఆయన బాలురతో బాటు కూర్చుండి గీతలు దిద్దుటకు వెనుదీయలేదు. మొదట ఒక చిత్రలేఖన పాఠశాలలోను, 1904లో వార్సాయందు క్రొత్తగా వెలసిన లలితకళా విద్యాలయములోను జేరి, కజిమిర్ స్టబ్రోవ్‌స్కీ మున్నగు గురువుల యొద్ద విద్య నభ్యసించెను. తాను అర్ధాకలితో నుండియు, తమ్ములను వార్సాకు రప్పించి, పాఠములు చెప్పి సంపాదించిన ధనముతో వారిని జదివించెను.

ఆయన తొలినాటి చిత్రములలోనే ఆయన మార్గము స్పష్టముగా గోచరించును. 1903లో అంత్యక్రియల స్వరమేళము అను పేర ఏడు చిత్రముల మాలను రచించెను. ఒక శవయాత్ర కొండలు, మైదానములు దాటి సాగుచుండును. వాద్యబృందము విషాదగీతమును మెల్లమెల్లగా వినిపించినట్లు, ఒక చిత్రమునుండి వేరొక చిత్రమునకు ఆ దుఃఖము ప్రవహించును. తరువాత సృష్టి అను పేర 13 చిత్రములను గీచెను. అందు మొదట నీలివర్ణపు శూన్యమును, క్రమముగా వెలుగును, చివర నెవ్వరును జూడని వింత పుష్పములును లతలును గనవచ్చును. ద్వాదశరాశులను గూడ 12 చిత్రములుగా జిత్రించెను. మన పంచాంగములలో కానవచ్చు మేష వృషభాదులే అవియు. ధనూరాశి చిత్రమున చిన్న విలుకాడొకడు కొండపై నిలిచి, ఆకాశమంతయు గప్పిన మహాపక్షిపై బాణమెక్కుపెట్టి యుండును. మానవుని శక్తి ఎంత స్వల్పమో, వాని ధైర్యమెంత గొప్పదో ఆ యొక్క చిత్రమే తెలుపును.

1905వ సంవత్సరమున రష్యా సామ్రాజ్యమంతట ప్రజావిప్లవము చెలరేగెను. అంతకు ముందు సంవత్సరముననే లిథువేనియా లిపిపై గల నిషేధము తొలగియుండెను. ఆ దేశమున క్రొత్త ఆశలు చిగురించెను. చుర్లియోనిస్ హృదయము గూడ మేల్కొనెను. తాను పుట్టిన గడ్డ తనకేమి ఇచ్చినదో, దానికి తానేమి ఇయ్యవలెనో ఆయన యోచించెను. 1906లో తన తమ్మునకు వ్రాసిన జాబులో, అదివరకు తాను చేసిన కృషిని, ఇకముందు చేయబోవు కృషిని లిథువేనియాకే సమర్పించుచున్నట్లు ప్రకటించెను. విచిత్రమేమనగా, ఈ సమర్పణ చేయునాటికి ఆయనకు ఆ దేశభాష చక్కగా రాదు. ఇంటిలో బలికినది పోలిష్ భాష. జాబులు వ్రాసినదియు ఆ భాషలోనే.

1907వ సంవత్సరము జనవరి మాసమున విల్నియస్ నగరమున లిథువేనియా కళాకారుల తొలి ప్రదర్శనము జరిగెను. దానిని సమకూర్చినవారిలో చుర్లియోనిస్ ముఖ్యుడు. ప్రదర్శించిన చిత్రములలోను ఆయనవి అనేకము. ఆ సంవత్సరముననే లిథువేనియా కళాసంఘము స్థాపింపబడెను. ఆయన వార్సాను విడిచి విల్నియస్‌లో నివాసమేర్పరచుకొని, సంఘకార్యములలో బాలుపంచుకొనెను. ఒక గాయకబృందమునకు నాయకత్వము వహించి, రైతులు పాడుకొను పాతపాటలను బహుకంఠములకు దగినట్లు కూర్చెను. అంతవరకు పొలములలో వినబడిన పాట నగరములోని సభావేదిక నెక్కెను.

ఆయన చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధములైనవి సొనాటాలు. పాశ్చాత్య సంగీతమున సొనాటా యనగా మూడు లేక నాలుగు భాగములుగల వాద్యరచన. సాధారణముగా మొదటి భాగము వేగముతోను, ఉత్సాహముతోను నడచును. రెండవది నిదానముగా, ధ్యానమువలె సాగును. కొన్నిటిలో మూడవది ఆటపాటలవలె తేలికగా నుండును. చివరి భాగము రచన నంతటిని ఒక ముగింపునకు జేర్చును. మన సంగీతమున విళంబ, మధ్య, ద్రుత లయలు వేర్వేరు భావములను గలిగించునట్లే, ఈ భాగములును వేర్వేరు భావములను గలిగించును. చుర్లియోనిస్ ఒక్కొక్క సొనాటాను కొన్ని చిత్రముల మాలగా గీచి, ఆ భాగములకు సంగీతమునగల పేర్లనే పెట్టెను. 1907 నుండి 1909 వరకు సూర్యుడు, వసంతము, గ్రీష్మము, సర్పము, సముద్రము, నక్షత్రములు, పిరమిడ్లు అను విషయములపై ఏడు సొనాటాలను ఆయన చిత్రించెను.

1908లో రచించిన సముద్ర సొనాటాను గైకొందము. ఆ వేసవిలో ఆయన బాల్టిక్ తీరముననున్న పలంగా అను గ్రామమున నుండెను. ఈ సొనాటాలో మూడు చిత్రములు కలవు. మొదటి దానిలో చిన్న చిన్న అలలు ఒకదాని వెనుక నొకటి వరుసలు దీరి ఒడ్డునకు వచ్చుచుండును. వానిపై నీటిబుడగలు కుంకుమపువ్వు వన్నె రవ్వలవలె మెరయుచుండును. ఆ తీరమున అలలు అంబరు అను పసిడివన్నె శిలాజమును ఒడ్డునకు గొట్టుట అందరెరిగినదే. ఒకే ఆకృతి మరల మరల వచ్చుటచే, తాళము వినబడినట్లే తోచును. రెండవ చిత్రమున సముద్రము శాంతించును. నీటి అడుగున మునిగిన నగరమొకటి మసకగా గనబడును. ఒక హస్తము చిన్న తెరచాప పడవను మెల్లగా ధరించియుండును. మూడవ చిత్రమున బ్రహ్మాండమైన కెరటము పడగ విప్పిన మహానాగమువలె పైకి లేచి నిలుచును. దాని క్రింద ఆటబొమ్మలంతటి పడవలు కొన్ని కొట్టుమిట్టాడుచుండును. ఆ కెరటపు నురుగులో, పరిశీలించి చూచినవారికి, చిత్రకారుని పేరులోని మొదటి అక్షరములు గోచరించును. ఆ పెనుగెరటము క్రింద తానును చిక్కియున్నాననియే ఆయన సూచించెనేమో!

సంగీతమున ఫ్యూగ్ అను వేరొక రచనావిధానము కలదు. అందొక కంఠము ఒక స్వరపంక్తిని పాడును. అది కొంత సాగగనే రెండవ కంఠము అదే పంక్తి నందుకొనును, పిమ్మట మూడవది. ఒకే భావము వేర్వేరు ఎత్తులలో, ఒకదానినొకటి తరుముచు, అల్లుకొనుచు సాగును. చుర్లియోనిస్ ఈ విధానమునకు గూడ చిత్రరూపమిచ్చెను. ఫ్యూగ్ అను పేరుగల ఆయన చిత్రమున దేవదారు వృక్షముల వరుసలు ఒకదానిపై నొకటి నిలిచియుండును. ఒక వరుసలోని చెట్లు వేరొక వరుసలో నీడలై, తలక్రిందులై, చిన్నవై పెద్దవై మరల ప్రత్యక్షమగును. ఒకే చెట్టు ఆకృతి స్వరపంక్తివలె చిత్రమంతట తిరుగును. సంగీతమును గూర్చి ఏమియు దెలియనివారికి సైతము దానిని జూచినప్పుడు ఏదో మెల్లని పాట వినబడుచున్నట్లు తోచును. చిన్ననాట నేమునస్ నది యొడ్డున బాలుడు చూచిన నీడలే ఇవియని గ్రహించుట కష్టము గాదు.

1907లో ఆయనకు సోఫియా కిమంటైటే అను యువతితో పరిచయమయ్యెను. ఆమె రచయిత్రి, భాషాభిమానము గలది. తన దేశభాషను దిద్ది నేర్పు గురువు ఆయనకు ఆమెయందే లభించెను. ముప్పదేండ్లు దాటిన ప్రసిద్ధ కళాకారుడు ఓనమాలు దిద్దువానివలె ఆమె యొద్ద మాతృదేశభాష నభ్యసించెను. 1909వ సంవత్సరము జనవరి 1వ తేదీన వారికి వివాహమయ్యెను. వారిరువురును గలసి యూరాతే అను గేయనాటకమును రచింపదలచిరి. బాల్టిక్ సముద్రగర్భమున అంబరు మందిరమున నివసించు సాగరదేవత ఒక జాలరిని ప్రేమించుటయు, ఉరుముల దేవుడు కోపించి ఆ మందిరమును బ్రద్దలు చేయుటయు దాని కథ. నేటికిని ఒడ్డునకు గొట్టుకొనివచ్చు అంబరు ముక్కలు ఆ మందిరపు శకలములే యని ఆ దేశపు పెద్దలు చెప్పుకొందురు. ఆ నాటకము పూర్తికాలేదు.

జీవనోపాధికై ఆయన రష్యా రాజధానియగు పీటర్స్‌బర్గ్ నగరమునకు బోయెను. దోబుజిన్‌స్కీ అను చిత్రకారుడు ఆయనను ఆదరించి, తన యింటికి బిలిచి, ఇతర కళాకారులకు పరిచయము చేసెను. ఆ యింట ఆయన పియానో వాయించుచుండగా మిత్రులు మైమరచి వినుచుండిరి. కొన్ని ప్రదర్శనములలో ఆయన చిత్రములు స్థానము పొందెను. అయినను వానిని గొనువారు మిక్కిలి అరుదు. అవి యేమి చెప్పుచున్నవో తెలియక కొందరు నవ్విరి. కొందరు పత్రికలలో వెక్కిరించిరి. సంగీతపాఠములకు విద్యార్థులు దొరకుటయు దుర్లభమయ్యెను. ఇరుకుగదిలో నివాసము, చాలీచాలని భోజనము, విశ్రాంతిలేని శ్రమ. ఖరీదైన వస్త్రమును, తైలవర్ణములను కొనుటకు శక్తిలేక ఆయన చిత్రములలో అధికభాగము కాగితముపైనను, అట్టపైనను నీటివర్ణములవంటి టెంపెరాతో గీయబడినవే. నేడు వానిని దూరప్రయాణములకు బంపుటకు వెరచునంతటి సున్నితములై యున్నవి.

1909లో ఆయన రెక్స్ అను పేర తన చిత్రములలో నెల్ల పెద్దదానిని వస్త్రముపై రచించెను. రెక్స్ అనగా లాటిన్ భాషలో రాజు. భూగోళము, దానిపై అగ్ని, సింహాసనమున గూర్చున్న విశ్వాధిపతి, ఆయన వెనుక మరింత గొప్ప నీడ, చుట్టును గ్రహనక్షత్రములు అందు అంతస్తులుగా అమరియుండును. పలు వాద్యములు ఏకకాలమున మ్రోగునట్లు లోకములన్నియు ఒకే చిత్రమున జేరియున్నవి. ఆ పని ముగియునప్పటికి ఆయన శరీరము, మనస్సు రెండును అలసిపోయెను. ఆ సంవత్సరము చివర పీటర్స్‌బర్గ్‌లో ఆయనకు తీవ్రమైన మనోవ్యాధి సోకెను. భార్య వచ్చి ఆయనను ద్రుస్కినింకైకి దోడ్కొని పోయెను. 1910లో వార్సా సమీపముననున్న వైద్యాలయమున ఆయనను జేర్చిరి.

ఆ సంవత్సరముననే వారికి కుమార్తె జన్మించెను. ఆ శిశువును కన్నులార చూచు భాగ్యము తండ్రికి లేకపోయెను. కొంత కోలుకొనుచున్నట్లు తోచెను గాని, చలిలో షికారు వెళ్లిన ఒకనాడు ఆయనకు జలుబు చేసి, అది ఊపిరితిత్తుల వ్యాధిగా పరిణమించెను. 1911వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన, ముప్పదియైదేండ్ల వయస్సున, ఆయన ఇహలోకయాత్ర చాలించెను. విల్నియస్‌లోని రాసోస్ శ్మశానవాటికయందు ఆయన భౌతికకాయమును సమాధి చేసిరి.

మరణించిన పిమ్మట ఆయన కీర్తి క్రమముగా నలుదెసల వ్యాపించెను. ఆ సంవత్సరముననే విల్నియస్‌లో ఆయన చిత్రములను ప్రదర్శించిరి. పిమ్మట రష్యా మహానగరములలోను ప్రదర్శనములు జరిగెను. అడవిలో అను వాద్యకావ్యము 1912లోను, సముద్రము అను వేరొక మహాకావ్యము 1936లోను తొలిసారి బహిరంగసభలో వినబడెను. వానిని రచించినవాడు వినలేని సంగీతమును లోకము వినెను. 1918లో లిథువేనియా స్వతంత్రమయ్యెను. 1921లో ఆ క్రొత్త ప్రభుత్వము ఆయన చిత్రములను భద్రపరచుటకై కౌనస్ నగరమున ఒక చిత్రశాలను స్థాపించెను. అప్పటికి విల్నియస్ నగరము పోలెండు స్వాధీనములో నుండెను. అందుచే కొంతకాలము చిత్రకారుని సమాధి ఒక దేశమునను, ఆయన చిత్రములు వేరొక దేశమునను ఉండవలసివచ్చెను. ఆయన సంగీతరచనలు, అసంపూర్ణములతో గూడ, సుమారు 400 ఉండును. వానిని సేకరించి పరిష్కరించి ముద్రింపించుటలో ఆయన చెల్లెలు యద్వీగా శ్రమించిరి. ఆమె స్వయముగా జానపదసంగీత పండితురాలు.

ఆ దేశము మరల 1940లో స్వాతంత్ర్యమును గోల్పోయి, అర్ధశతాబ్దము సోవియట్ రాజ్యములో భాగముగా నుండెను. 1990వ సంవత్సరము మార్చి మాసమున అది స్వాతంత్ర్యమును పునఃప్రకటించినప్పుడు, ఆ శాసనసభకు అధ్యక్షుడుగా నెన్నుకొనబడిన వితౌతస్ లాండ్స్‌బెర్గిస్ వృత్తిచే రాజకీయవేత్త కాడు. ఆయన సంగీతాచార్యుడు, చుర్లియోనిస్ సంగీతమును, చిత్రములను గూర్చి జీవితమంతయు పరిశోధించి గ్రంథములు రచించిన పండితుడు. 2025వ సంవత్సరమున చుర్లియోనిస్ 150వ జయంతిని ఆ దేశమంతట ఉత్సవముగా జరిపిరి.

చుర్లియోనిస్ చేతిలో ధనము లేదు, అధికారము లేదు. మొదట తన దేశభాష సైతము ఆయనకు స్వాధీనములో లేదు. అయినను తనకు తెలిసిన విద్యను తాను నమ్మిన మార్గమున వినియోగించి, పరుల పరిహాసమునకు వెరవక, నేర్చుకొనుటకు వయస్సు దాటినదని సిగ్గుపడక, కడవరకు శ్రమించెను. ఆ శ్రమకు ఆయన చెల్లించిన మూల్యము మిక్కిలి గొప్పది. దేహమును, మనస్సును ఒక కంట కాపాడుకొనకున్న ఎంతటి మేధావియైనను త్వరగా అలసిపోవునను హెచ్చరికయు ఆ జీవితమున కలదు. భాషను అచ్చువేయుట నేరమైన కాలమున పుట్టి, రంగులకు పాట నేర్పి, తన జాతికి ఒక గొంతునిచ్చిన ఆ మహనీయుని చిత్రములు, గానము తెలిసినవానికే చిత్రము తెలియునన్న మార్కండేయ మహర్షి మాటకు దూరదేశమున వెలసిన వ్యాఖ్యానమువంటివి.